పాటను ఎవరి చేతికి అప్పగింతుము?

ధ్యాన భాగములు: యిర్మీయా 32:6-15; నెహెమ్యా 13:10-12; 1 కొరింథీ 9:1-18



అనాతోతులోని పొలమును యిర్మీయా ప్రవక్త కొనిన వృత్తాంతమును మీరు అనేక పర్యాయములు వినియున్నారు. పట్టణము ముట్టడిలో నుండెను. ప్రవక్త కావలిలో నుండెను. అట్టి సమయమున తన పినతండ్రి కుమారుడైన హనమేలునకు పదిహేడు తులముల వెండి తూచి యిచ్చి ఆ పొలము కొనెను. సాక్షులను పిలిపించెను. పత్రము వ్రాయించెను. ముద్ర వేసిన పత్రము ఒకటి, తెరచియున్న పత్రము ఒకటి, ఈ రెంటిని బారూకు చేత మంటికుండలో పెట్టించెను. ఈ భాగముపై ప్రసంగించునప్పుడెల్ల మేము నిరీక్షణను గూర్చియే చెప్పుచు వచ్చితిమి గాని ఆ పత్రములను గూర్చి ఒక్క మాటయు చెప్పినవారము కాము. దేవుని వాగ్దానమును నమ్మినవాడు సాక్షులను ఏల పిలిచెను? వెండిని ఏల తూచెను? ఈ సంవత్సరము మా సంఘములో లేచిన ఒక తగవు వలన ఆ వచనములను మేము మరల చదువవలసి వచ్చినది. తగవు పొలమును గూర్చినది కాదు, పాటలను గూర్చినది.

మా సంఘములో ఒక యౌవనుడు కలడు. పేరు చెప్పము. వాన పడిన యేడు వేరుసెనగ చేనిలో నుండును, పడని యేడు బెంగుళూరులో బేల్దారి పనిలో నుండును. అనంతపురము మెట్టభూముల సంగతి మన చదువరులకు చెప్పనేల? సాలుకు సగటున 550 మిల్లీమీటర్లకు అటుయిటుగా పడు వాన, అదియు విత్తిన నెలలో పడక కోత నెలలో పడునట్టి సీమ మనది. బావులు ఎండినవి, బోర్లు ఎండినవి. పాట మాత్రము వానికి ఎండలేదు. గోడ కట్టుచు మాటలు కూర్చుకొనును, రాత్రి షెడ్డులో వరుస కట్టుకొనును, పండుగకు ఊరికి వచ్చినప్పుడు పాడును. అట్లు ఎనిమిది పాటలు కూడినవి. మా ఊరి పెద్దాయన ఒకరు డప్పు వాయించెను, ప్రక్క ఊరి పిల్లవాడు కీబోర్డు వాయించెను, అనంతపురములో ఒక చిన్న గదిలో రికార్డు చేయించిరి. అందుకు నలువది వేల రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిరి. ఈ అప్పు సంగతి మాకు తరువాత తెలిసినది. ముందు తెలిసియుండిన ఏమి చెప్పియుందుమో మాకే తెలియదు.

ఆ పాటలు ఒకరి ఫోనునుండి ఒకరి ఫోనునకు పోయి నాలుగు మండలములలో వినబడెను. అంతట పాటలను అచ్చొత్తించి లోకమునకు పంపు ఒక సంస్థ మనిషి వచ్చి, పదిహేను వేలు చేతిలో పెట్టెదము, ఎనిమిది పాటలును మా పేర వ్రాసి యిమ్మని పదకొండు పుటల ఇంగ్లీషు కాగితము ఇచ్చి పోయెను. సంస్థ పేరు ఇక్కడ అక్కరలేదు. ఆదివారము సాయంకాలము తల్లియు కుమారుడును ఆ కాగితము పట్టుకొని మా యింటికి వచ్చిరి.

"నాకు ఇంగిలీసు యాడ వస్తాది అయ్యగారూ? మీరే సదివి సెప్పల్ల" అని అతడనెను. తల్లి మాత్రము, "దుడ్లు వస్తే వడ్డీ అన్నా కడతాము" అనెను.

మేము చదివితిమి. రెండు మారులు చదివితిమి. ఆ కాగితములో పాటల హక్కు శాశ్వతముగా, సమస్త విశ్వమునందును ఆ సంస్థకు చెందునని యుండెను. విశ్వమంతయు అను మాట సృష్టికర్తకే చెందునని ఇంతకాలము తలంచుచుంటిమి. మాటలు వ్రాసినవాని పేరు ఎక్కడ వేయుదురో అందులో లేదు. పాట మాటలు మార్చుటకు మాత్రము వారికి సెలవు కలదు. లెక్క చూపుదురా లేదా అనునది లేదు.

ఆ వారము సంఘపెద్దలు కూడిరి. ఒక పెద్ద, దేవుని పాటకు వెల కట్టుట ఆలయములో రూకలు మార్చువారి బల్లలవంటిదని కోపించెను. మరియొక పెద్ద, అప్పు తీరునుగదా, సంతకము చేయనిమ్మనెను. మా తలంపు మొదట వేరుగా నుండెను. వెల యివ్వక పొందినదానిని వెల పుచ్చుకొనక పంచవలెనని ప్రభువు శిష్యులకు ఆజ్ఞాపించెనుగదా (మత్తయి 10:8), కనుక ఎవరికిని అమ్మక, ఎవరియొద్దను పుచ్చుకొనక, అందరికి ఊరకనే యిచ్చివేయుము అని ఆ యౌవనునికి చెప్పుటకు సిద్ధపడితిమి. పెద్దల యెదుట చెప్పితిమి కూడ. స్త్రీల సమాజములో పెద్దదిక్కైన ఒక అవ్వ తలుపు ప్రక్క కూర్చుండి అంతయు వినుచుండెను. "అయ్యగారూ, మీకు నెలనెలా జీతమొస్తాది. వానికి యాడ్నించి వస్తాది?" అని అడిగెను.

మేము జవాబు చెప్పలేకపోతిమి. ఈ వ్యాసము ఒక విధముగా ఆ జవాబు కొరకు వెదకుటయే.

మొదట ప్రభువు మాటనే చూతము. ఊరక యిమ్మని చెప్పిన అదే నోటితో, పనివాడు తన ఆహారమునకు పాత్రుడని ఆ తరువాతి మాటలలోనే చెప్పియున్నాడు. మేము మొదటి సగము పట్టుకొని రెండవ సగము విడిచితిమి. ఆ యౌవనుడు పాటలోని వర్తమానమును అమ్మబూనలేదు. మన ఆరాధనలో, ఇండ్ల కూటములలో, సమాధి యొద్ద ఆ పాటలు పాడుటకు అతడు ఎవరియొద్దను పైసా అడుగలేదు. అతడు మోసినది రికార్డు ఖర్చు, వాద్యకారుల కూలి, తన పనిదినముల నష్టము. పాట వరము. రికార్డు పని. ఈ రెంటిని వేరుచేసి చూడకపోవుట వలననే మా కూటమిలో ఒకరి మాట ఒకరికి వినబడలేదు.

పౌలు కొరింథీయులకు వ్రాసిన తొమ్మిదవ అధ్యాయమును మనలో అనేకులు సగమే జ్ఞాపకముంచుకొందురు. ఆయన తన హక్కును వాడుకొనలేదనునది మనకు బాగుగా తెలియును. అయితే దానికి ముందు ఆయన ఎంత సేపు ఆ హక్కు ఉన్నదని వాదించెనో చూడుడి. సైనికుడు, ద్రాక్షతోట వేయువాడు, మందను కాయువాడు, కళ్లము త్రొక్కు ఎద్దు, ఇందరిని సాక్షులుగా నిలువబెట్టెను. తరువాతనే నేను విడిచితిననెను. విడిచినవాడు పౌలు. కొరింథీయులు ఆయనచేత విడిపింపలేదు. ఒకడు తన హక్కును ప్రేమచేత విడుచుట ఒకటి. జీతము వచ్చుచున్న మరియొకడు వచ్చి, నీ హక్కును విడువుము, అది భక్తి, అని చెప్పుట వేరొకటి. మేము చేసినది రెండవది. ఆ దినము అవ్వ మాటకు మాకు సిగ్గు కలిగిన కారణము ఇదే. పౌలు డేరాలు కుట్టెను, మేము కుట్టము.

నెహెమ్యా గ్రంథములో ఇంతకంటె సూటియైన సంగతి యొకటి కలదు. అతడు రాజు నొద్దకు పోయి తిరిగివచ్చు లోపల లేవీయుల పాళ్లు ఇయ్యబడలేదు. అందుచేత సేవ చేయుచున్న లేవీయులును గాయకులును ఎవరి పొలమునకు వారు పారిపోయిరి. నెహెమ్యా ఆ గాయకులను గద్దింపలేదు. మందిరమేల విడువబడెనని అధికారులను గద్దించెను. గాయకుడు పొలమునకు పోయెనని, మన కాలములోనైతే బెంగుళూరుకు పోయెనని, వాని భక్తి చల్లారెనని మనము చెప్పుకొందుము. పాళ్లు ఎవరు ఆపిరో అడుగము.

వెల పుచ్చుకొనని మహానుభావులు సంఘచరిత్రలో లేకపోలేదు. మార్టిన్ లూథరు తన గ్రంథములకు ముద్రాపకుల యొద్ద సొమ్ము పుచ్చుకొనలేదు. మూడీగారితో కూడ తిరిగి పాడిన సాంకీగారు 1873లో ఇంగ్లండులో పాటల పుస్తకమును అచ్చువేయించగా, దాని వలన వచ్చిన రాయల్టీని వారిరువురు తమకు వాడుకొనక ధర్మకర్తల చేతికి అప్పగించిరి. అందులో కొంత షికాగోలో మూడీగారి మందిరము పూర్తి చేయుటకు పోయెను. వీరి మాదిరి గొప్పది. అయినను లూథరునకు విట్టెన్‌బర్గులో ఉపాధ్యాయ జీతము కలదు. మరియు సాంకీగారు సొమ్మును విడిచిరి గాని లెక్కను విడువలేదు. పుస్తకము ఎన్ని ప్రతులు పోయినదో తెలిసియుండినందుననే ధర్మకర్తల చేతికి ఇచ్చుటకు ఏదైన ఉండెను. లూథరు సంగతి ఇంకొకటి: తన పాటలను ఇతరులు మార్చి అచ్చువేయుట చూచి ఆయన ఊరకుండలేదు. 1529 నాటి కీర్తనల పుస్తకపు ముందుమాటలో, పాటలను మార్చవద్దని అడిగెను. డబ్బు అక్కరలేని మనిషికి మాటలను గూర్చి అంత పట్టుదల యుండెను. మా యౌవనుని కాగితములో మాటలు మార్చుటకు సెలవిచ్చిన వాక్యమే మమ్ములను అన్నిటికంటె ఎక్కువ కలవరపరచినది. ఎవడో ఒకడు ప్రభువు పేరు తీసివేసి ఆ వరుసను ఎన్నికల ప్రచారమునకు వాడుకొనినను అడుగువారుండరు.

ఇక చట్టము సంగతి. మన దేశపు కాపీరైటు చట్టము 1957లో చేయబడెను. దాని ప్రకారము మాటలు వ్రాసినవానికి ఆ మాటలపై, వరుస కట్టినవానికి ఆ వరుసపై, వారు బ్రతికినన్ని దినములును, మరణించిన తరువాత 60 సంవత్సరములును హక్కు కలదు. రికార్డు అనునది వేరొక ఆస్తి. దానిని చేయించుటకు పూనుకొని బాధ్యత వహించినవానిది అది. ప్రకటింపబడినది మొదలు 60 సంవత్సరములు నిలుచును. కాబట్టి ఒక పాటలో మూడు పొలములున్నవి: మాటల పొలము, వరుస పొలము, రికార్డు పొలము. మా యౌవనునికి మూడును ఉన్నవి. ఒక్క సంతకముతో మూడును పోవుననియు అతనికి తెలియదు. ఇట్టి హక్కును వ్రాసి యిచ్చునప్పుడు ఎంత కాలమునకో వ్రాయనియెడల అయిదు సంవత్సరములకనియు, ఏ సీమకో వ్రాయనియెడల ఇండియా దేశము మట్టుకే అనియు చట్టము అర్థము చెప్పును. అందుకే ఆ పదకొండు పుటలవారు కాలమును విశ్వమును మరువక వ్రాసికొనిరి. 2012లో ఈ చట్టమును సవరించినప్పుడు, మాటలు వ్రాసినవాడును వరుస కట్టినవాడును రాయల్టీలో తమ సమాన భాగమును వారసులకును తమ హక్కుదారుల సొసైటీకిని తప్ప మరి ఎవరికిని వ్రాసి యియ్యజాలరని కట్టడి చేసిరి. పేదవాడు ఆకలి దినమున చేయు సంతకమును చట్టము కొంత తెలిసికొన్నదన్నమాట. తాకట్టు పెట్టిన తిరుగటి రాతిని గూర్చి ద్వితీయోపదేశకాండములో చదివినవారికి ఇది క్రొత్త సంగతి కాదు.

ఆ సంస్థకు వ్రాసి యియ్యక లోకమునకు పంపు మార్గము వేరొకటి కలదా? కలదు. దీనిని డిజిటల్ పంపిణీ అందురు. స్పాటిఫై, జియోసావన్, యాపిల్ మ్యూజిక్ మొదలైన పాటల అంగళ్లకు మనవంటివారు నేరుగా పాట పంపుటకు సాధారణముగా వీలులేదు. నడుమ పంపిణీదారు ఒకడుండును. అతడు పాటను, పేరును, బొమ్మను పుచ్చుకొని అన్ని అంగళ్లకు చేర్చి, వచ్చిన సొమ్మును వసూలు చేసి మనకు పంపును. పాట మనదే, పని వానిది. ఇట్టి సంస్థలు అనేకములున్నవి. మా సంఘములో డిగ్రీ చదివిన ఒక చిన్నది వాటి నియమములను మా కొరకు వెదకి చదివెను. ఆ చిన్నది చెప్పినదంతయు విని ఒక రైతు పెద్ద, "ఇంతేనా? ఇది గుత్తా, కోరా, క్రయమా అని అడగల్ల, అంతే" అనెను. మాకు అంతవరకు అర్థము కానిది ఆ మాటతో తేటపడెను.

నిజమే. క్రయమనగా ఆ పదకొండు పుటల కాగితము, ఇచ్చితిమా, పోయెను. గుత్త అనగా ఏటేట ఇంతయని కట్టి పండినదంతయు మనమే తీసికొనుట. డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్ అనువారి పద్ధతి ముఖ్యముగా ఇట్టిది. ఏటి చందా కట్టవలెను, రాయల్టీలో భాగము తీయరు. కోరు అనగా పంటలో పాలు. సీడీ బేబీ వారు ఒక్కొక్క విడుదలకు ఒక్కసారి రుసుము పుచ్చుకొని రాబడిలో నూటికి తొమ్మిది వంతులు తీయుదురు. రూట్‌నోట్ వారి ఉచిత పద్ధతిలో ముందు ఏమియు కట్టనక్కరలేదు, రాబడిలో నూటికి పదిహేను పోవును. పేర్లు చెప్పుట ప్రకటన కొరకు కాదు. లెక్కలు ఏటేట మారుచుండును గనుక ఎవరైనను స్వయముగా చూచుకొనవలెను.

గుత్త చూపునకు లాభమే. పండినదంతయు మనదే గదా! అయితే మన సీమవారు గుత్తను ఎరుగుదురు. వాన పడని యేడు కూడ గుత్త గుత్తయే. ఒక యేడు చందా కట్టలేనియెడల పాటలను అంగళ్లనుండి తీసివేయు నియమము అట్టి సంస్థలలో కలదు. తీయకుండుటకు వేరుగా సొమ్ము కట్టవలెను. బెంగుళూరులో పని దొరకని సంవత్సరమున మా యౌవనుడు చందా కట్టునా, వడ్డీ కట్టునా, తల్లి మందులు కొనునా? ఎక్కువ వినబడు పాట గలవానికి, ఏటేట క్రొత్త పాటలు తెచ్చువానికి గుత్త మేలు. ఎనిమిది పాటలు చేసి గోడ కట్టుటకు పోవువానికి కోరు మేలు. పంట లేనియెడల పాలును లేదు. ఇందులో ఒకరి జ్ఞానము ఇంకొకరి అజ్ఞానము ఏమియు లేదు, నేల తేడా అంతే.

అయితే పంట ఎంత? ఇక్కడ మేము ఒక సంగతి ఒప్పుకొనవలెను. మూడు వారములు మేము వాదించినది లేని సొమ్మును గూర్చి. స్పాటిఫై వారు 2024 మొదలుకొని, ఒక పాటను గడచిన పండ్రెండు నెలలలో కనీసము వెయ్యి మారులైన వినకపోయినయెడల దానికి రాయల్టీ లెక్కించుట మానివేసిరి. అనగా ఆరువందల మారులు వినబడిన పాటకు అక్కడ వచ్చునది సున్న. వెయ్యి దాటినను మారుకు వచ్చునది పైసలలోనే. పంపిణీదారుల లెక్కలో కొంత మొత్తము నిండువరకు చేతికి రాదు. విదేశపు సంస్థయైనయెడల పన్ను పత్రములు నింపవలెను. మన ఊళ్లలో పాట విను మార్గము వేరు. యూట్యూబులో, వాట్సాపులో, ట్రాక్టరులో పెట్టు పెన్‌డ్రైవులో, మేకలు కాయువాని మెమరీ కార్డులో వినెదరు. అందులో చాల భాగమునకు లెక్కయే లేదు. ఇంకొకటి: పంపిణీదారు వసూలు చేయునది ముఖ్యముగా రికార్డు సొమ్ము. మాటల పొలమునకు, వరుస పొలమునకు రావలసినది కొరకు 1969లో స్థాపింపబడిన ఐ.పి.ఆర్.ఎస్. అను సొసైటీలో చేరవలెను. ఈ సంగతి మా యౌవనుడే గాదు, పట్టణపు గాయకులు కూడ అనేకులు ఎరుగరని తోచుచున్నది.

ఇది విని కోపించిన పెద్ద నవ్వి, "మరి ఇంత తగవు ఎందుకు?" అనెను. అప్పు తీరు మార్గము ఇది కాదని తేలిపోయినది. అందుచేత అప్పును వేరుగా చూడవలసి వచ్చినది. కోత కానుకలనుండి కొంత, బెంగుళూరులోనున్న మన సంఘస్థులు పంపిన దానినుండి కొంత తీసి, వడ్డీ పెరుగకుండ అసలులో సగము కట్టితిమి. మిగిలినది అతడే కట్టుచున్నాడు. సంఘము ఆ పాటలను రెండు సంవత్సరములుగా పాడుచు ఒక్కనాడును ఖర్చు ఎంతయైనదని అడుగకపోయెను. ఈ పని మొదటనే చేయవలసినది.

సొమ్ము లేనిచోట పత్రమెందుకు అని కొందరు అడుగుదురు. మాకు కలిగిన ఒక అనుభవమును చెప్పెదము. పోయిన క్రిస్మసునకు మా గాయకబృందము ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములోని పురుషోత్తమ చౌదరిగారి కీర్తన ఒకటి పాడగా, ఆ వీడియోను పిల్లలు యూట్యూబులో పెట్టిరి. నాలుగు దినములలో ఒక రికార్డుల సంస్థ పేర, ఈ పాట మాది అని దావా వచ్చినది. చౌదరిగారు 1803లో పుట్టి 1890లో ప్రభువునందు నిద్రించిరి. ఆయన కీర్తనలపై ఇప్పుడు ఎవరికిని హక్కు లేదు, అందరికిని ఉన్నది. ఆ సంస్థ తన గాయకునిచేత అదే కీర్తన పాడించి తన రికార్డును అక్కడి కావలి యంత్రములో చేర్చియుండెను. కంటెంట్ ఐడి అను ఆ యంత్రము 2007 నుండి పనిచేయుచున్నది. అది వరుస పోలికను పట్టి మా పిల్లలను దొంగలనుకొనెను. మేము అభ్యంతరము వ్రాసితిమి. దావా వేసినవారు 30 దినములలో బదులు చెప్పనియెడల అది పోవునని నియమము. వారు చెప్పలేదు, దావా పోయెను. కాని ఆ నెల దినములు మా పిల్లలు, మన తాతలు పాడిన పాట మనది కాదా అని అడుగుచుండిరి.

ఆ దావా చూచిన తరువాతనే మా యౌవనుని పాటలకు పత్రము కావలెనని కోపించిన పెద్ద కూడ ఒప్పుకొనెను. ఎవరు ముందు తమ పేర చేర్చుకొందురో వారిదని యంత్రము నమ్మును. మన పాటను మన పేర చేర్చనియెడల ఇంకొకడు చేర్చును. అప్పుడు మన మందిరములో పాడిన మన పాటకే మనము జవాబు చెప్పుకొనవలెను. నిజమైన ఆరాధనలో పాడుటను చట్టము తప్పుగా ఎంచదు గాని, ఆ ఆరాధనను వీడియో తీసి లోకమునకు పంపునప్పుడు సంగతి వేరు. అయితే ఇక్కడ మరియొక హెచ్చరిక కూడ మేము ఆ యౌవనునికి చేసితిమి. ఎనిమిది పాటలలో ఒకటి పాత కీర్తన వరుసపై కట్టినది. దానిని కావలి యంత్రములో చేర్పవద్దంటిమి. మన పొలమునకు కంచె వేసికొందుము గాని ఊరుమ్మడి బావికి తాళము వేయరాదు. అతడు మరుమాట లేక ఒప్పుకొనెను. కీబోర్డు పిల్లవాడు ఒక పాటకు ఇంటర్నెట్టులో కొనిన తాళమును వాడియుండెను. అదే తాళమును ఇంకను వందమంది కొనియుందురు గనుక దానిని కూడ చేర్పలేదు.

నెలకు ఇన్ని వేల మారులు వినిపించెదము, ఇంత సొమ్మిమ్మని ఫోనుచేయువారును కలరు. యంత్రములచేత వినిపించుట అది. చెవులు లేని శ్రోతలు! అట్టి దొంగలెక్క బయటపడినయెడల పాట తీసివేయబడును, స్పాటిఫై వారు పంపిణీదారుపై జరిమానా కూడ వేయుచున్నారు. దొంగత్రాసును గూర్చి సామెతల గ్రంథము చెప్పినదానికి మేము చేర్పవలసినదేమియు లేదు.

ఇట్లు చివరకు పదకొండు పుటల కాగితమును సంతకము లేక తిరిగి పంపితిమి. సంస్థ మనిషి కోపింపలేదు. నలుగురు వేరే గాయకులు సంతకము చేసిరనెను. ఆ మాట మాకు సంతోషము కలిగింపలేదు. పాటలను కోరు పద్ధతి గల ఒక పంపిణీదారునకు ఇచ్చితిమి. ఎవరికి ఇచ్చితిమో పత్రికలో వ్రాయుట తగదు. ఎప్పుడైనను మానుకొని వేరొకరి యొద్దకు పోవు స్వేచ్ఛ కలదా, పోయినను రికార్డునకిచ్చిన ఐ.ఎస్.ఆర్.సి. సంఖ్య పాటతోనే వచ్చునా, లెక్క నెలనెల చూచుకొనవచ్చునా, ఈ మూడును ముందు చూచితిమి. మూడవదానికి ఆ డిగ్రీ చదివిన చిన్నది పూచీపడెను.

పేరు దగ్గర ఒక చిక్కు వచ్చెను. మన పిల్లలకు బైబిలు పేర్లు పెట్టుదుము గదా. అతని పేరుగల గాయకులు లోకములో లెక్కలేనంతమంది. ఒకే పేరైనయెడల ఒకని పాటలు మరియొకని పుటలో పడునట. ఇంటిపేరు, ఊరిపేరు చేర్చి వ్రాసితిమి. తన ఊరిపేరు రోమను అక్షరములలో తెరమీద చూచి అతని తల్లి చాలసేపు మాటలాడలేదు.

అప్పుడు మేము యిర్మీయా వలె రెండు పత్రములు వ్రాసితిమి, తెలుగులో. మాటలు ఎవరివి, వరుస ఎవరిది, రికార్డు ఎవరిది, ఎవరు ఏమి వాయించిరి, అప్పు ఎంత, వచ్చినదానిలో మొదట అప్పునకెంత అనునది అందులో వ్రాసితిమి. ఒకటి అతని యొద్ద నున్నది. రెండవది మందిరపు ఇనుప పెట్టెలో, బాప్తిస్మపు రిజిష్టరు ప్రక్కన నున్నది. సాక్షులుగా ముగ్గురు పెద్దలు సంతకము చేసిరి, ఆ అవ్వ వ్రేలిముద్ర వేసెను.

ఒక గడి మాత్రము ఖాళీగా విడిచితిమి. డప్పు వాయించిన పెద్దాయన పాలు ఎంత అనునది తేలలేదు. కూలి యిచ్చితిమి గదా అని కొందరును, ఆ దరువు లేక ఆ పాట లేదని కొందరును అనుచున్నారు. యౌవనుడు సగమిత్తుననెను. పెద్దాయన ఏమియు వద్దనుచున్నాడు. ఆయన వద్దనుట ఆయన హక్కు. మనము ఆ మాటను పట్టుకొని గడిలో సున్న వ్రాయవచ్చునా అనునది వేరు ప్రశ్న. యౌవనుడు ఉగాదికి బెంగుళూరునుండి వచ్చును. ఆ ఆదివారము ఆరాధన తరువాత పెద్దలు మరల కూడెదరు.